హైదరాబాదు పోలీసు జట్టు ఎవరిది?

1950వ సంవత్సరమున హైదరాబాదు నగర పోలీసుల ఫుట్‌బాల్ జట్టు బొంబాయిలో రోవర్స్ కప్పును, ఢిల్లీలో డ్యూరాండ్ కప్పును ఒక్క సీజనులోనే గెలుచుకొనెను. మన దేశపు ఫుట్‌బాల్ పోటీలలో ఈ రెండును మిక్కిలి పాతవి. డ్యూరాండ్ 1888లోను, రోవర్స్ 1891లోను ఆరంభమైనవి. కలకత్తా జట్లకే పెద్దపేరున్న ఆ కాలమున దక్కను నుండి వచ్చిన పోలీసులు డ్యూరాండ్ తుదిపోటీలో మోహన్ బగాన్‌నే ఓడించుట సామాన్య విషయము కాదు.

అయితే ఈ వార్త ఆనాడు తనకల్లునకు పరాయి రాష్ట్రపు వార్త. తనకల్లు కదిరి తాలూకాలోని గ్రామము. కదిరి అనంతపురము జిల్లాలోనిది. ఆ జిల్లా మద్రాసు రాష్ట్రములోనిది. ఆ వూరివారికి హైదరాబాదు కంటె బెంగుళూరు, మద్రాసులే దగ్గరి నగరములు. రేడియో పెట్టె యున్న యింట వినవచ్చు తెలుగు మాట సయితము మద్రాసు నుండియో, విజయవాడ నుండియో రావలసినదే. కడప కేంద్రము 1963 వరకు లేనే లేదు. కాగా తనకల్లు పిల్లవాడొకడు 1950లో ఆ పోలీసు జట్టును మన జట్టని అనగలడా? అనలేడు. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిమ్మటను అనలేడు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినది గనుక నాటి నుండి అనగలడు. మరి 2014 జూన్ 2 తరువాత? ఈ ప్రశ్నకు జవాబు వెదకుటకు ముందు ఆ జట్టు కథ కొంత తెలిసికొందము.

ఆ జట్టును తీర్చినవాడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. 1909లో హైదరాబాదులో జన్మించెను. వృత్తిచే బడిపంతులు, పోలీసు అధికారి కాడు. అందరును ఆయనను ‘రహీమ్ సాహెబ్’ అనుచుండిరి. 1950లో పోలీసు జట్టు శిక్షణను చేపట్టి కడవరకు విడువలేదు. ఆయన పాఠము చెప్పు తీరు బడిపంతులు తీరే. బంతిని కాళ్ళ నడుమ త్రిప్పుచు ఒక్కడే ముందుకు పోరాదను నియమముతో పోటీలు పెట్టెను. అందుచే బంతిని వెంటనే సహచరునకు అందించుట అలవాటగును. మరియొక పోటీలో ఎడమకాలి వాటము లేనివాడు ఎడమకాలితోనే ఆడవలెను. ఎక్కములు అప్పజెప్పించినట్లు ఆటను అప్పజెప్పించిన మహానుభావుడు! ఆ శిక్షణకు ఫలము 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు.

అమెరికాలో ఫుట్‌బాలన్న వేరొక ఆట. అందు బంతి కాళ్ళలో కంటె చేతులలోనే యెక్కువ యుండును. ఆ దేశమున జూనియర్ కళాశాలలను రెండేండ్ల విద్యాలయములు కలవు. ఆ కళాశాలల జట్లలో ఒక సీజను బాగుగా ఆడిన పేద యువకుడు పెద్ద విశ్వవిద్యాలయమునకు ఎక్కిపోవును. మన హైదరాబాదులో అట్టి మెట్టుగా నిలిచినది కళాశాల కాదు, పోలీసు శాఖ. ఆట వచ్చిన కుర్రవానికి ఆ శాఖలో ఉద్యోగము, నెలజీతము, ఆడుకొనుటకు మైదానము దొరకుచుండెను. సికిందరాబాదు చెంత అమ్ముగూడలో 1936లో పుట్టిన తులసీదాస్ బలరామ్ ఆడిన తొలి బూట్లు పోలీసుల పాత బూట్ల తోలుతో కుట్టించుకొన్నవట. తరువాతి కాలమున ఆయనయే ఈ సంగతిని చెప్పుకొనెను.

బూట్ల మాట వచ్చినది గనుక ఇంకొక్క ముచ్చట. 1948లో లండన్ ఒలింపిక్సున మనవారిలో పెక్కుమంది వట్టికాళ్ళతోనే ఆడి ఫ్రాన్సు చేతిలో 1-2తో ఓడిరి. అప్పుడు లోకము మెచ్చుకొన్నది. 1952లో హెల్సింకి చలిలో యుగోస్లావియా 10 గోలులు వేసినది. మనము వేసినది ఒక్కటి. అటుపిమ్మట బూట్లు తప్పనిసరి యాయెను. మెచ్చుకోలు వేరు, గెలుపు వేరు.

ఆంధ్రప్రదేశ్ పుట్టిన నెల గడచుసరికి, 1956 డిసెంబరు 1న, మెల్బోర్న్ ఒలింపిక్సులో రహీమ్ శిక్షణలోని భారత జట్టు ఆస్ట్రేలియాను 4-2తో ఓడించెను. నెవిల్ డిసౌజా మూడు గోలులు వేసెను. ఆ దేశమునకు వెళ్ళిన జట్టులో నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, బలరామ్ మొదలగు హైదరాబాదు ఆటగాండ్రుండిరి. సెమీ ఫైనల్సులో యుగోస్లావియా, కాంస్య పతకపు పోటీలో బల్గేరియా మనలను ఓడించుటచే నాలుగవ స్థానము దక్కెను. ఒలింపిక్ ఫుట్‌బాలులో భారతదేశము అంతకు మించి పోలేదు.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు పోవునాటికి రహీమ్ క్యాన్సరుతో బాధపడుచుండెను. తొలి పోటీలోనే దక్షిణ కొరియా మనవారిని 2-0తో ఓడించెను. ఆ మీద థాయిలాండును, జపానును, సెమీ ఫైనల్సులో దక్షిణ వియత్నామును గెలిచి, సెప్టెంబరు 4న మరల ఆ కొరియాకే ఎదురు నిలిచిరి. ప్రేక్షకులు లక్షమంది, రాజకీయ కారణముల వలన వారందరును మనవారిపై కోపముతో నున్నవారు. వెనుక కాపు కాయవలసిన జర్నైల్ సింగ్ తలగాయముతో కట్టు కట్టుకొని ముందు వరుసలో ఆడెను. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు వేసిరి. 2-1తో స్వర్ణము మనదాయెను. మరుసటి యేట, 1963 జూన్ 11న, రహీమ్ కన్నుమూసెను.

ఈలోపల పోలీసు జట్టు పేరు మారెను. ఆంధ్రప్రదేశ్ పోలీసుగా 1960లో రోవర్స్‌ను, 1961లో డ్యూరాండును గెలిచి, 1962లో రోవర్స్‌ను ఈస్ట్ బెంగాల్‌తో పంచుకొని, 1963లో మరల తానొక్కటియే గెలుచుకొనెను. పిమ్మట ఆ వెలుగు సన్నగిల్లినది. గురువు పోయెననుట ఒక కారణమే కాని అదియే సర్వము కాదు. బలరామ్ 1957లోనే ఈస్ట్ బెంగాల్‌కు చేరెను. మంచి ఆటగాండ్రు పలువురు కలకత్తా బాట పట్టిరి. నెలజీతపు భద్రతను చూపి పిలిచిన శాఖ, క్లబ్బుల పిలుపు ముందు ఎంతకాలము నిలువగలదు? బలరామ్ వంగదేశముననే స్థిరపడి 2023 ఫిబ్రవరిలో అక్కడనే మరణించెను.

ఇక మన ప్రశ్న. సంతోష్ ట్రోఫీ విజేతల పట్టికలో 1956-57, 1957-58 సంవత్సరముల కెదుట ‘హైదరాబాదు’ అని యున్నది. రాష్ట్రము ఏర్పడినను ఫుట్‌బాల్ పటము అప్పటి కింకను మారలేదన్న మాట. 1965-66 కెదుట ‘ఆంధ్రప్రదేశ్’ అని యున్నది. ఆ యేడు తుదిపోటీలో ఓడినది బెంగాలు. తనకల్లు వారు, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లా వారు, తమదని చూపదగినది ఆ మూడవ పంక్తి ఒక్కటియే యని కొందరు వాదింతురు. మే మా వాదమును ఒప్పుకొనము. బలరామ్ బూట్లలోని తోలు ఏ రాష్ట్రపుదో ఆ చర్మకారుడు అడిగి యుండడు.