జోగిని ఆచారం: బాధ్యత, చట్టం

జోగిని ఆచారం ఎల్లమ్మ, పోచమ్మ వంటి గ్రామదేవతల పేర బాలికకు తాళి కట్టించి, ఆపై ఆమెకు మరో పెళ్ళి లేకుండా చేసి, ఊళ్ళోని పలుకుబడి గల పురుషులకు అందుబాటులో ఉంచే కట్టుబాటు. నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో జోగిని అనీ, కర్నూలు, అనంతపురం వైపు బసివి అనీ, చిత్తూరు వైపు మాతమ్మ అనీ పిలుస్తారు. ఈ మూడింటినీ ఒకే ఆచారంగా జమకట్టేవారు ఉన్నారు గానీ, బసివికి కొన్నిచోట్ల కొడుకులాగే తండ్రి ఆస్తిలో హక్కు దక్కేదని 19వ శతాబ్దపు రచనలు చెబుతున్నందున వేరువేరుగా చూడటమే సమంజసం. ఆలయసేవ, నృత్యం, మాన్యం భూములతో ముడిపడిన కోస్తా కళావంతుల వ్యవస్థ మరింత భిన్నం.

దేవత పేరిట జరిగేది ఒక్క పెళ్ళే అయినా, ఆ పేరు చాటున ఇంట్లో భార్య ఉన్న మగవాడికి అడ్డుచెప్పేవారు లేని రెండో సంబంధం సమకూరుతుంది. పిల్లలు పుడితే వారికి తండ్రి పేరు ఉండదు, పోషణ భారం తల్లిదే. జోగినులు దాదాపు అందరూ మాల, మాదిగ కుటుంబాల ఆడపిల్లలే కాగా, వారిపై అధికారం చెలాయించినవారు ఎక్కువగా భూమి గల కులాల పెద్దలు కావడం వల్ల దీన్ని కేవలం మూఢనమ్మకంగా వర్ణించే కథనాలు అసంపూర్ణం. జబ్బు నయమైతే పిల్లను అమ్మవారికి ఇస్తామని మొక్కుకున్న తల్లిదండ్రులు, తంతు నడిపిన పూజారి, దానికి పెద్దరికం వహించిన పటేలు, చూస్తూ ఊరుకున్న ఊరు, అందరూ ఇందులో భాగస్వాములే; అయితే భాగం సమానం కాదు, పేదరికంలో మొక్కుకున్న తల్లిని, ఆ మొక్కు వల్ల లాభపడిన ఆసామిని ఒకే గాటన కట్టడం అన్యాయం.

చట్టం మాత్రం చాలాకాలం ఈ తేడాను గుర్తించలేదు. సంఘ సంస్కర్త ముత్తులక్ష్మి రెడ్డి 1920ల చివరి నుంచి చేసిన కృషి ఫలితంగా వచ్చిన 1947 నాటి మద్రాసు దేవదాసీ (సమర్పణ నిషేధ) చట్టం తంతు జరిపిన, అనుమతించిన, పాల్గొన్న, ప్రోత్సహించిన వారిలో పదహారేళ్ళు నిండిన వారందరికీ 6 నెలల వరకు సాధారణ ఖైదు గానీ 500 రూపాయల వరకు జరిమానా గానీ రెండూ గానీ విధించడమే కాక, ఆ నేరస్థుల పరిధిలోకి సమర్పితమైన స్త్రీ కూడా వస్తుందని వివరణలో చేర్చింది. నిజాం ఏలుబడిలోని ప్రాంతాలు అప్పట్లో దాని పరిధికి వెలుపలివి. 1988 ఆంధ్రప్రదేశ్ చట్టం శిక్షను 2 నుంచి 3 ఏళ్ళ వరకు ఖైదుగా పెంచి, తల్లిదండ్రులు, సంరక్షకులు, బంధువులైతే ఇంకా ఎక్కువ శిక్ష నిర్దేశించింది. కానీ ఇక్కడ కూడా నేరానికి కేంద్రం సమర్పణ తంతే తప్ప, ఆ తరువాత ఏళ్ళ తరబడి సాగే దోపిడీ కాదు. ఈ లోపం చిన్నది కాదు.

మతం పేరిట సాగే ఆచారంలో ఎవరిని నేరస్థులుగా, ఎవరిని బాధితులుగా చూడాలన్న ఇలాంటి చిక్కే విదేశాల్లోనూ ఎదురైంది. బహుభార్యత్వాన్ని మతధర్మంగా పాటించే మార్మన్ చీలిక వర్గపు టెక్సాస్ స్థావరం నుంచి 2008లో అధికారులు 400కు పైగా పిల్లలను ఒక్కుమ్మడిగా తరలించగా, అందరినీ తీసుకుపోవడానికి తగిన ఆధారం లేదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తేల్చింది. వ్యక్తిగత నేరాలపై సాగిన విచారణల్లో మాత్రం నాయకుడు వారెన్ జెఫ్స్‌కు 2011లో యావజ్జీవ శిక్ష పడింది. అదే ఏడాది కెనడాలోని బ్రిటిష్ కొలంబియా న్యాయస్థానం బహుభార్యత్వ నిషేధాన్ని సమర్థిస్తూనే, అలాంటి పెళ్ళిలోకి వెళ్ళిన 12 నుంచి 17 ఏళ్ళ వారిని నేరస్థులుగా చూడరాదని మినహాయించింది.

మళ్ళీ జోగిని ఆచారానికి వస్తే, సంస్కరణలో గుంటూరు సీమ పాత్ర కొంత ఉంది. కవి గుర్రం జాషువా కుమార్తె, వినుకొండలో జన్మించిన హేమలతా లవణం (1932–2008) స్టూవర్టుపురంలో నేరస్థ ముద్ర పడిన కుటుంబాల మధ్య పనిచేసిన అనుభవంతో, భర్త లవణంతో కలిసి ‘సంస్కార్’ సంస్థ ద్వారా నిజామాబాద్ జిల్లా జోగినుల పునరావాసానికి పూనుకున్నారు. 1988 చట్టానికి ఈ ఉద్యమం కూడా దోహదం చేసిందని భావిస్తారు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో జోగినుల సంఖ్య సుమారు 80,000 అని రఘునాథరావు ఏకసభ్య కమిషన్ పేరిట తరచూ ఉటంకిస్తారు. ఈ ఆచారాన్ని బయటికి ఒప్పుకోనివారు ఎక్కువ కాబట్టి ఏ లెక్కనైనా అంచనాగానే తీసుకోవాలి. ఇక చట్టం విషయానికి వస్తే, బాలిక 18 ఏళ్ళ లోపుదైతే పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన 2012 పోక్సో చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం అత్యాచారం చేసినవాడే కాక ప్రోత్సహించినవారు కూడా శిక్షార్హులు, విషయం తెలిసి పోలీసులకు చెప్పనివారికి 6 నెలల వరకు ఖైదు పడవచ్చు.