విక్కమ్ బొగ్గుబాయిలు

సింగరేణి ప్రాంతంలో బొగ్గు గనిని ‘బాయి’ అంటారు. ఇంగ్లండ్ ఉత్తరాన, టైన్ నదికి దక్షిణపు ఒడ్డున ఉన్న విక్కమ్ పల్లెలో తొలినాటి గనులకు ఆ మాట అచ్చంగా సరిపోతుంది. అవి నిజంగా బావులే. మనిషి దిగేంత వెడల్పుతో నిలువునా తవ్వుకుంటూ పోయేవారు. బొగ్గు పొర తగలగానే అడుగున చుట్టూ తొలిచేవారు. లోపలి ఆకారం గంటలా తయారయ్యేది. నీళ్లు చేదినట్టే బొగ్గును తాడుతో చేదుకునేవారు. పైకప్పు కూలేలా ఉందనిపిస్తే ఆ బావిని వదిలేసి, పక్కనే ఇంకొకటి మొదలుపెట్టేవారు. అలా ఒక్కో గుంతకూ కొంత నేల పోయేది.

ఆ బొగ్గు పైన దున్నుకునే రైతుది కాదు. ఊరికి భూస్వామి డరమ్ బిషప్. 1356లో బిషప్ థామస్ హాట్‌ఫీల్డ్ విక్కమ్‌లోని ఐదు గనులను ఏడాదికి 500 మార్కులకు కౌలుకిచ్చాడు. మార్కంటే పౌండులో మూడింట రెండు వంతులు. ఆ రోజుల్లో అది చాలా పెద్ద సొమ్ము. కౌలుదారులు ఇద్దరు. ఒకరు సర్ థామస్ గ్రే, రెండోవారు విక్కమ్ చర్చి ఫాదరే! ఎన్నిసార్లు చదివినా నేను ఇక్కడే ఆగిపోతాను. ఊరివాళ్ల చేత ప్రార్థన చేయించే మనిషే వాళ్ల కాళ్ల కింది బొగ్గుకూ కౌలుదారు.

తర్వాత లండన్‌లో కట్టెలు ప్రియమయ్యాయి. ఓడల్లో వచ్చే ‘సముద్రపు బొగ్గు’ అక్కడి పొయ్యిల్లోకి చేరింది. 1578లో అప్పటి బిషప్ విక్కమ్, గేట్స్‌హెడ్ గనులను ఎలిజబెత్ రాణికి దీర్ఘకాలపు కౌలుకు రాసిచ్చాడు. ‘గ్రాండ్ లీజ్’ అని పేరుపడిన ఆ హక్కు థామస్ సట్టన్ అనే ఆయన చేతిమీదుగా న్యూకాసిల్ వర్తకులకు దక్కింది. ఇక తవ్వకాలకు అడ్డులేకపోయింది. బొగ్గుబళ్లు పొలాలను తొక్కుకుంటూ రేవుకు దిగేవి. రైతులు ఫిర్యాదులు చేశారు. విచిత్రమేమంటే, ఆ బళ్లలో కొన్ని ఆ రైతులవే. పొలం పాడవుతోందని బాధపడుతూనే, బాడుగ కోసం ఎడ్లు కట్టక తప్పలేదు.

ఆ బాడుగా నిలవలేదు. 1620ల్లో కొయ్య పట్టాల దారి వచ్చింది. పట్టాల మీద ఒక్క గుర్రం లాగే బరువు ముందు మామూలు ఎడ్లబండి నిలవదు. శతాబ్దం తర్వాత, దక్షిణాన టాన్‌ఫీల్డ్ వైపు గనుల నుంచి బొగ్గు దించడానికి ఇలాంటి దారే వేస్తూ ఒక లోయకు అడ్డంగా కాసీ ఆర్చ్ కట్టారు. 1725–26 నాటి ఆ వంతెనను కట్టింది రాల్ఫ్ వుడ్ అనే తాపీమేస్త్రి. దాదాపు 31 మీటర్ల ఒంటి కమాను అది. ఇప్పటికీ చెక్కుచెదరలేదు, జనం దాని మీదుగా నడిచి లోయ దాటుతున్నారు.