కొండ కింద వినబడిన పిలుపు

యెరూషలేము పాత నగరానికి దక్షిణాన ఉన్న కొండ కింద 533 మీటర్ల సొరంగం ఉంది. గిహోను ఊట దగ్గర మొదలై, మెలికలు తిరిగి, సిలోయము కోనేటి దగ్గర బయటపడుతుంది. 1880లో కోనేటి వైపు నుంచి అందులోకి వెళ్లిన ఓ బడిపిల్లవాడికి గోడ మీద అక్షరాలు కనిపించాయి. పాత హీబ్రూ లిపిలో ఆరు వరుసలు.

రాజులు చెక్కించే శాసనాల్లో బిరుదులు, విజయాలు, దేవతల పేర్లు బారులు తీరి ఉంటాయి. ఇందులో రాజు పేరే లేదు. ఉన్నదంతా పని సంగతే. రెండు ముఠాలు రెండు వైపుల నుంచీ రాయి తొలుచుకుంటూ వచ్చాయి. ఇంకా మూడు మూరలు మిగిలి ఉండగా ఇవతలి మనిషి పిలుపు అవతలి వాడికి వినబడింది. తెగిన రోజున గునపానికి గునపం ఎదురైంది. నీరు 1,200 మూరల దూరం పారింది. తవ్వేవారి తలల మీద 100 మూరల మందాన రాయి ఉంది. అంతే! బైబిలు కాలపు రాతల్లో ఇంతగా మనుషుల అలికిడి వినిపించేది మరొకటి నేను చదవలేదు.

శాసనంలో పేరు లేకపోయినా, యూదా రాజు హిజ్కియా గిహోను నీటిని మళ్లించి నగరంలోకి తెచ్చాడని బైబిలు చెబుతుంది. సొరంగం గచ్చులో చిక్కుకున్న మొక్కల అవశేషాలకు చేసిన రేడియోకార్బన్ పరీక్షల ఫలితాలు 2003లో వెలువడ్డాయి. అవి కూడా దాదాపు హిజ్కియా కాలాన్నే చూపాయి.

ఆ నీటి అవసరం ఎంతటిదో శత్రువు రాతల్లోనే తెలుస్తుంది. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీదికి దండెత్తాడు. 46 కోట పట్టణాలు పట్టుకున్నానని, హిజ్కియాను పంజరంలో పక్షిలా బంధించానని మట్టి పట్టకాల మీద రాయించుకున్నాడు. యూదా పట్టణమైన లాకీషు ముట్టడిని నీనెవెలోని తన రాజభవనం గోడల మీద చెక్కించాడు. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం ఎక్కడా అనలేదు. కప్పంగా ముట్టిన బంగారం 30 టాలెంట్లని అతనూ అన్నాడు, బైబిలూ అంది. వెండి దగ్గరే లెక్క తేడా: అతని మాట 800, బైబిలు మాట 300. బద్ధశత్రువులు ఒకే యుద్ధం గురించి రాసుకున్న లెక్కలు ఇంత దగ్గరగా రావడం పురాతన చరిత్రలో అరుదు. తవ్వకాలు మతాన్ని రుజువు చేస్తాయనో, కొట్టేస్తాయనో వాదించుకునేవారు ఈ సంపదను చూడకుండానే పోతున్నారు.

శాసనాన్ని 1890 ప్రాంతంలో దొంగలు గోడ నుంచి పెకలించబోతే ముక్కలైంది. ఒట్టోమన్ అధికారులు స్వాధీనం చేసుకున్నారు. నేటికీ అది ఇస్తాంబుల్ పురావస్తు మ్యూజియం సొత్తే.

సొరంగంలో మాత్రం నీరు ఇంకా పారుతోంది, నడిచి వెళ్లొచ్చు. యెరూషలేము యాత్రకు వెళ్లే తెలుగువారు గుళ్లు, సమాధులు చూసి వెనుదిరగకుండా ఓ పూట ఇక్కడికీ రండి. మధ్యలో ఓ చోట గోడ మీది గునపం గాట్ల దిశ మారుతుంది. రెండు ముఠాలు కలిసింది అక్కడే. దీపం పట్టుకుని ఆ గాట్లను తాకి చూడండి.