రాముడు పెట్టిన గుడ్డు

"మన సంఘంలో డాక్టర్లకు కొదవ లేదు, రాసేవాళ్ళకే కొదవ" అని సంపాదకులుగారు పోయిన ఉగాది సభలో నావైపు చూసి మరీ అన్నారు. ఏం రాయమంటారని అడిగితే, "ఏదైనా సరే, చరిత్ర అయితే మరీ మంచిది" అన్నారు. నేను చదివింది వైద్యం. చరిత్రకూ నాకూ ఉన్న పరిచయం పదో తరగతితో సరి. కాని ఈ చలికాలంలో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను నూట నలభై ఏళ్ళు వెనక్కి లాక్కుపోయింది. అదే మీతో చెబుతాను.

మూడేళ్ళ క్రితం మా అమ్మాయి పుట్టినరోజుకి ఒక రామచిలుక పిల్లను కొన్నాం. మన దేశంలో రామచిలుకను పంజరంలో పెంచడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇంగ్లండులో పంజరాల్లోనే పుట్టి పెరిగినవాటిని అమ్ముతారు. అంతేకాదు, ఎవరో వదిలేసినవో, తప్పించుకు పోయినవో గాని, 1970 ప్రాంతాల నుంచి లండన్ చుట్టుపక్కల తోటల్లో మన రామచిలుకలు గుంపులు గుంపులుగా స్థిరపడ్డాయి. మనకంటె ముందే వచ్చి, మనకంటె బాగా ఇమిడిపోయాయన్నమాట.

ఆ సంగతి ఫోనులో చెబితే మా అత్తగారు, "చిలుకను పంజరంలో పెట్టిన పాపానికే రామదాసు పన్నెండేళ్ళు గోలకొండ చెరలో ఉన్నాడంటారు, చూసుకో బాబూ" అన్నారు. నవ్వి ఊరుకొన్నాను.

చిలుకకు రాముడని పేరు పెట్టాం. మగచిలుకకు రెండు మూడేళ్ళు వచ్చేసరికి మెడ చుట్టూ గులాబిరంగు కంటె వస్తుంది. పిల్లగా ఉన్నప్పుడు ఆడా మగా ఒకేలా ఉంటాయి. మా రాముడికి కంటె రాలేదు. "ఆలస్యంగా వస్తుందిలే" అనుకొంటూ మేం ఎదురు చూస్తూనే ఉన్నాం.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున రాముడు కొయ్యమీద లేడు. పంజరం అడుగున, ఈకలు ఉబ్బించుకొని, కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చున్నాడు. ఊపిరి తీసినప్పుడల్లా తోక పైకీ కిందకీ ఊగుతోంది. జలుబు చేసిందేమో అన్నాను. సాయంత్రం వరకు చూద్దామని కూడా అన్నాను. డాక్టరు మాట కదా, ఇంట్లో అందరూ నమ్మారు. మా అమ్మాయి మాత్రం నమ్మలేదు. "నాన్నా, వీడు ఏడుస్తున్నాడు" అంది. దాని పోరు పడలేక, సెలవురోజు కూడా తెరిచి ఉండే పక్షుల వైద్యురాలి దగ్గరకు తీసుకుపోయాం.

ఆవిడ పొట్ట తడిమి, ఎక్స్‌రే తీసి, తెరమీద తెల్లగా గుండ్రంగా కనిపిస్తున్నదాన్ని చూపించింది. రాముడి కడుపులో గుడ్డు! బయటికి రాలేక అడ్డుపడి ఉంది. మగపక్షి తోడు లేకపోయినా ఆడచిలుక గుడ్డు పెడుతుంది, అది పొదగదంతే. అలా గుడ్డు అడ్డుపడితే చిన్న పక్షి గంటల మీద కూడా పోవచ్చు. నేను సాయంత్రం దాకా ఆగమన్న మాట ఆవిడకు చెప్పలేదు.

చిలుకను వెచ్చగా, గాలి తేమగా ఉండే పెట్టెలో పెట్టారు. కాల్షియం ఇంజక్షను, నీటి కోసం మరొక ఇంజక్షను ఇచ్చారు. అప్పటికీ రాకపోతే గర్భసంచి కండరాన్ని బిగింపజేసే మందు, దానికీ లొంగకపోతే సూదితో గుడ్డులోని పదార్థం లాగి పెంకును నలిపి తీయడం, చివరికి ఆపరేషను అని వరస చెప్పారు. అంత అవసరం పడలేదు. రాత్రి తొమ్మిదింటికి గుడ్డు వచ్చింది. గట్టి పెంకు లేదు. తోలు తిత్తిలా మెత్తగా ఉంది.

ఆ తర్వాత డాక్టరమ్మ రెండు ప్రశ్నలు అడిగింది. ఏం పెడుతున్నారు? పొద్దుతిరుగుడు గింజలు, అవంటే వాడికి ప్రాణం. పంజరం ఎక్కడ ఉంటుంది? ముందుగదిలో కిటికీ పక్కన, ఎండ బాగా పడేచోట. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "అద్దం లోంచా?" అంది.

ఈ వ్యాసమంతా ఆ ఒక్క మాట గురించే.

గుడ్డు పెంకు అంటే దాదాపు అంతా సున్నమే. కోడి కడుపులో గుడ్డు తయారు కావడానికి సుమారు 25 గంటలు పడితే, అందులో 20 గంటలు పెంకు కట్టడానికే సరిపోతాయి. ఒక్కో కోడిగుడ్డు పెంకులో రమారమి 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. కోడి ఒంట్లో ఉన్న మొత్తం కాల్షియంలో అది పదో వంతు. ఒక్క రోజులో అంత ఎక్కడినుంచి తెస్తుంది? తిండి నుంచి కొంత, ఎముకల నుంచి కొంత. గుడ్డు పెట్టే కాలంలో ఆడపక్షి ఎముకల బోలులో ప్రత్యేకంగా ఒక మెత్తటి ఎముక పేరుకొంటుంది. పెళ్ళికి ముందు ధాన్యం గాదెలో నింపుకొన్నట్టు. పావురాల్లో ఈ ఏర్పాటును 1934లో కైస్, పాటర్ అనే ఇద్దరు వివరంగా వర్ణించారు. 2005లో మేరీ ష్వైట్జర్ అనే శాస్త్రజ్ఞురాలు ఒక టైరనోసారస్ రాక్షసిబల్లి తొడ ఎముకలో కూడా అలాంటిదే కనిపించిందని ప్రకటించింది. గాదె ఖాళీగా ఉంటే పెంకు మెత్తబడుతుంది. అంతకంటె ముఖ్యం, గుడ్డును తోసే కండరానికి బలం చాలదు.

కండరానికీ కాల్షియంకూ ఉన్న ఈ సంబంధం బయటపడింది లండన్‌లోనే. 1882లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండెను ఒంటినుంచి వేరుచేసి, ఉప్పునీటిలో కొట్టుకొనేలా చేశాడు. ఆ ఉప్పునీరు శుద్ధమైన నీటితో కాక లండన్ కుళాయి నీటితో చేసిందని తర్వాత తెలిసింది. శుద్ధజలంతో మళ్ళీ చేస్తే గుండె కాసేపటికే ఆగిపోయింది. కుళాయి నీటిలో ఉన్న సున్నమే దాన్ని నడిపిస్తోందని 1883లో ప్రకటించాడు. మన ఆస్పత్రుల్లో సీసాలకు సీసాలు ఎక్కించే రింగర్ లాక్టేటు ఆయన పేరు మోసేదే. ఇన్నాళ్ళూ ఆ పేరు పలుకుతున్నాను గాని, కుళాయి కథ రాముడి పుణ్యమా అని ఇప్పుడు చదివాను.

సరే, సున్నం తింటే చాలదా? చాలదు. తిన్న సున్నం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి. ఆ సంగతి తెలియని రోజుల్లో బ్రిటన్ పారిశ్రామిక నగరాల్లో రికెట్స్ జబ్బుతో దొడ్డికాళ్ళ పిల్లలు వీధివీధినా ఉండేవారు. 1890లో థియొబాల్డ్ పామ్ అనే డాక్టరు ఒక వ్యాసం రాశాడు. జపానులో మిషనరీ వైద్యుడుగా పనిచేసి వచ్చినవాడు. అక్కడ తనకు కనిపించని రికెట్స్ తన దేశంలో ఇంతగా ఎందుకుందని ఆలోచించి, ఇండియాతో సహా అనేక దేశాల సంగతులు సేకరించి, తేడా తిండిలో కాదు, ఎండలో ఉందని తేల్చాడు. పేదరికం, మురికి ఉన్నా ఎండ ఉన్నచోట ఆ జబ్బు అరుదని చెప్పాడు. ఆయన మాట చాలాకాలం ఎవరూ లెక్కచేయలేదు.

సరిగ్గా దానికి ముందు ఏడాది, 1889లో, లండన్ జంతుప్రదర్శనశాలలో సింహం పిల్లలు రికెట్స్‌తో చచ్చిపోతుంటే జాన్ బ్లాండ్-సటన్ అనే సర్జను సలహా అడిగారు. వాటికి పెడుతున్నది కొవ్వులేని మాంసం. ఆయన దంచిన ఎముకలు, పాలు, కాడ్ చేప కాలేయపు నూనె పెట్టించాడు. పిల్లలు బాగుపడి పెరిగాయి. అదే ఊళ్ళో మనుషుల పిల్లలకు ఎందుకు బాగవుతుందో అర్థం కావడానికి మరో 30 ఏళ్ళు పట్టింది.

1919లో లండన్‌లో ఎడ్వర్డ్ మెల్లన్‌బీ కుక్కపిల్లలకు ఓట్ల జావలాంటి తిండి పెట్టి రికెట్స్ తెప్పించి, చేపనూనెతో నయం చేశాడు. కనక ఇది తిండి జబ్బు అన్నాడు. అదే సంవత్సరం బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అనే డాక్టరు అతినీలలోహిత దీపం కింద పిల్లల్ని కూర్చోబెట్టి నయం చేశాడు. కనక ఇది వెలుతురు జబ్బు అన్నారు మరికొందరు. మెల్లన్‌బీ తన కుక్కపిల్లల్ని ఇంట్లోనే ఉంచాడు. ఎండ తగలకుండా చేస్తున్నానన్న సంగతి ఆయనకు తట్టలేదు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వియన్నా వెళ్ళిన హారియెట్ చిక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞురాలు అక్కడి పసిపిల్లల్లో రెండూ నిజమేనని చూపించింది. నూనె అయినా సరే, ఎండ అయినా సరే. (చిక్ అంటే కోడిపిల్ల! ఆవిడ 102 ఏళ్ళు బతికి 1977లో పోయింది.) చేపనూనెలో 'ఎ' కాక మరో విటమిన్ ఉందని 1922లో అమెరికాలో మెకాలమ్ చూపించాడు. దానికే 'డి' అని పేరు వచ్చింది.

కోళ్ళ కథ కూడా అప్పటిదే. 1920లలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో, కొట్టాల్లో పెంచే కోడిపిల్లల కాళ్ళు చచ్చుబడడానికి కారణం ఎండ లేకపోవడమేనని కనిపెట్టారు. చలికాలమంతా కోళ్ళను ఇంటిలోపల పెంచగలగడం ఆ తర్వాతే సాధ్యమైంది.

ఇక్కడ మనవాడి పేరు ఒకటి చెప్పి తీరాలి. రికెట్స్‌ను రక్తపరీక్షలో పట్టాలంటే కాల్షియంతోపాటు భాస్వరం కూడా కొలవాలి. దానికి తేలికైన, నమ్మదగిన పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అప్పటికి ఆయన అమెరికా వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఆ పద్ధతి ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటా దశాబ్దాలపాటు నడిచింది.

ఇప్పుడు అద్దం దగ్గరకు వద్దాం. చర్మంలో విటమిన్ డి తయారుచేసే కిరణాలు మామూలు కిటికీ అద్దాన్ని దాటవు. వెలుగు వస్తుంది, వెచ్చదనం వస్తుంది, అసలుది మాత్రం రాదు. ఈ సంగతి 1920లలోనే తెలిసి, ఆ కిరణాలను లోపలికి వదిలే 'వీటా గ్లాస్' అనే ప్రత్యేకమైన అద్దం కూడా చేసి అమ్మారు. నేను మాత్రం రోజూ రాముణ్ణి ఎండలో కూర్చోబెడుతున్నానని మూడేళ్ళు తృప్తిపడ్డాను. పైగా పొద్దుతిరుగుడు గింజల్లో కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ, కొవ్వు మరీ ఎక్కువ.

రాముణ్ణి ఇంటికి తెచ్చిన రాత్రి ఇదంతా మా ఆవిడకు ఉత్సాహంగా చెబుతున్నాను. ఆమె అంతా విని, "ఏవండీ, చిలుకకు చేయించిన రక్తపరీక్ష నాకెందుకు చేయించలేదు?" అంది.

రెండో కాన్పు అయినప్పటి నుంచి తనకు నడుము, తుంటి నొప్పులు. మెట్లెక్కాలంటే కష్టంగా ఉంటోందని చాలాసార్లు చెప్పింది. పసిపిల్లను ఎత్తుకొని తిరుగుతున్నావు కదా, అలసట అన్నాను. ఒకసారి నొప్పిమాత్ర ఇచ్చాను. మా ఇంట్లో చేపలు తినరు. ఉత్తర ఇంగ్లండులో అక్టోబరు నుంచి మార్చి మొదటి దాకా సూర్యుడు ఎంత వెలిగినా ఆ కిరణాలు చాలినంత నేలకు చేరవు. మన ఒంటిరంగుకు తెల్లవాళ్ళకంటె ఎక్కువ ఎండ కావాలి. ఇవన్నీ నేను పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకొన్న విషయాలే. ఆమెకు రక్తపరీక్ష చేయిస్తే విటమిన్ డి బాగా తక్కువని వచ్చింది. మందు మొదలుపెట్టాక రెండు మూడు నెలలకు నొప్పులు తగ్గాయి.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 1962లో గ్లాస్గోలో డన్నిగన్, ఆయన తోటి డాక్టర్లు అక్కడ స్థిరపడిన పాకిస్తానీ కుటుంబాల్లో పెద్దపిల్లలకు రికెట్స్, ఆడవాళ్ళకు ఎముకలు మెత్తబడే జబ్బు ఉన్నాయని రాశారు. బ్రిటన్‌లో పోయిందనుకొన్న జబ్బు మన ఉపఖండపు ఇళ్ళలో మళ్ళీ తలెత్తింది. చపాతీ పిండి వల్లా, శాకాహారం వల్లా, ఎండ లేకనా అని చాలా చర్చ జరిగింది. 1981లో ఆసియా కుటుంబాలకోసం 'స్టాప్ రికెట్స్' అనే ప్రచారం మొదలుపెట్టారు. 2016లో ఇంగ్లండు ప్రజారోగ్య శాఖ, చలికాలంలో అందరూ రోజుకు 10 మైక్రోగ్రాముల విటమిన్ డి తీసుకొనే సంగతి ఆలోచించాలనీ, మనలాంటి ఒంటిరంగు గలవాళ్ళు ఏడాది పొడుగునా తీసుకొనే సంగతి ఆలోచించాలనీ చెప్పింది. గర్భిణులకు, బాలింతలకు అది మరీ ముఖ్యం. మన ఊళ్ళో పసిపిల్లకు నూనె రాసి పొద్దుటెండలో పడుకోబెట్టిన అమ్మమ్మకు మైక్రోగ్రాములు తెలియవు. ఆవిడ పెరట్లో ఎండకు అద్దం అడ్డు లేదు, అంతే.

చిలుకల్ని పెంచేవాళ్ళకు నాలుగు మాటలు. గింజలు తగ్గించి ఆకుకూరలు, కూరగాయలు, పక్షులకోసం చేసిన సమతుల ఆహారం పెట్టండి. పక్షుల దీపాన్ని వైద్యుల సలహా మీద అమర్చండి. మనుషుల విటమిన్ చుక్కలు వాటికి వేయకండి, ఎక్కువైతే విషం. గుడ్లు పెట్టడం మొదలుపెట్టిన పక్షికి గూడులాంటి చీకటి మూలలు ఉండనివ్వకండి, దీపాలు త్వరగా ఆర్పి రాత్రిని పొడుగు చేయండి. పెట్టిన గుడ్డు వెంటనే తీసేస్తే మరొకటి పెడుతుంది, కొన్నాళ్ళు ఉంచండి. పక్షి అడుగున కూర్చుని తోక ఊపుతుంటే పొట్ట నొక్కకండి, గుడ్డు లోపల పగిలితే ప్రమాదం. సాయంత్రం దాకా ఆగకండి.

పేరు మార్చి సీత అని పిలుద్దామంటే మా అమ్మాయి ఒప్పుకోలేదు. రాముడు రాముడే. ఏప్రిల్‌లో మొదటి ఎండ రాగానే పంజరాన్ని పెరట్లో పెట్టాం, కొంత నీడ కూడా ఉండేటట్టు. పక్కన కుర్చీ వేసుకొని మా ఆవిడ కూర్చుంది. మధ్యలో అద్దం లేదు.

ఈ సంచిక చదివాక మీ ఇంట్లో ఎవరికి ఒళ్ళు నొప్పులున్నాయో ఒకసారి అడగండి. మీరు డాక్టరైతే రెండుసార్లు అడగండి.