మా మికులోవ్: వైన్ ఒక్కటే కాదు

చెక్ దేశంలోని బ్ర్నోలో ఉద్యోగాలు చేసే మనవాళ్లు సెలవురోజున మా మికులోవ్ వస్తారు. కోట ఎక్కి, వైన్ రుచి చూసి, సాయంత్రం బస్సుకు వెళ్లిపోతారు. మా వైన్ మంచిదే మరి. ఊరిని ఆనుకుని పాలవ సున్నపురాతి కొండలు, వాటి వాలున ద్రాక్షతోటలు. 1953లో రెండు రకాలను సంకరపరిచి పుట్టించిన ఒక ద్రాక్షకు ఆ కొండల పేరే పెట్టారు. కోట నేలమాళిగలో 1643 నాటి చెక్క పీపా ఉంది. లక్ష లీటర్లకు పైనే పడుతుంది.

నా బాధల్లా, చాలామంది అక్కడితో ఆగిపోతారనే. కోట దిగితే హుసోవా వీధి. అది ఒకప్పటి యూదుల పేట.

1421లో వియన్నా నుంచి యూదులను తరిమేసినప్పుడు కొందరు ఆస్ట్రియా సరిహద్దు దాటి ఇక్కడ తలదాచుకున్నారు. పోనుపోను ఈ మొరావియా ప్రాంతపు యూదులందరికీ పెద్ద మతగురువు ఉండే పీఠం ఇదే అయింది. ప్రాగ్‌లో మట్టిబొమ్మకు ప్రాణం పోశాడని కథలు చెప్పుకునే రబ్బీ లోవ్ అంతకుముందు 20 ఏళ్లు ఇక్కడే ఉన్నాడు. 19వ శతాబ్దం నడిమికి ఊళ్లో పదిమందిలో నలుగురు యూదులే.

మరి ఏమయ్యారు? అందరూ హిట్లర్ పేరే చెబుతారు గానీ, ఊరు ఖాళీ కావడం అంతకుముందే మొదలైంది. 1726 నాటి చట్టం ప్రకారం యూదుల ఇంట పెద్దకొడుక్కే పెళ్లికి అనుమతి. 1848 తర్వాత ఆ సంకెళ్లు తెగాయి. కుర్రాళ్లు వియన్నాకూ బ్ర్నోకూ దారిపట్టారు. ఆ రెండు నగరాలనూ కలుపుతూ 1839లో వేసిన రైలుమార్గం మా ఊరిని పక్కన పెట్టి బ్రెత్స్లావ్ మీదుగా పోయింది. ఉన్న కాస్త వ్యాపారమూ దాని వెంటే పోయింది. 1938లో నాజీల చేతికి చిక్కేనాటికి మిగిలినవి కొన్ని వందల ప్రాణాలు. పారిపోగలిగినవాళ్లు పారిపోయారు, తక్కినవారిలో ఎక్కువమందిని చంపేశారు. యుద్ధం ముగిశాక జర్మన్ మాట్లాడే ఊరివాళ్లనూ వెళ్లగొట్టారు. అంటే ఇవాళ ఇక్కడున్నవాళ్లలో దాదాపు అందరివీ ఆ తర్వాత వచ్చిన కుటుంబాలే. నాదీ అంతే.

అందుకే ఈ ఊరి పాత కాపులెవరంటే నేను యూదుల శ్మశానం చూపిస్తాను. నాలుగు వేల వరకూ రాళ్లు, చదవగలిగినవాటిలో పాతది 1605 నాటిది. కొన్ని నేలలోకి కుంగి పక్కకు ఒరిగాయి. రాతి మీద రెండు అరచేతులు చెక్కి ఉంటే అది పురోహిత వంశం. కూజా ఉంటే పురోహితులకు సేవచేసే లేవీ వంశం. గురువుల సమాధుల మీద వచ్చినవాళ్లు ఉంచిన గులకరాళ్లు కనిపిస్తాయి. పువ్వులు పెట్టడం యూదుల ఆచారం కాదు.

ఒకప్పటి ప్రార్థనా మందిరాల్లో నిలిచింది ఒక్కటే, కోట కింది ఎగువ సినగాగ్. నడుమ నాలుగు స్తంభాలు, వాటి మధ్య ధర్మగ్రంథం చదివే వేదిక.

సెప్టెంబరులో ద్రాక్షకోతల పండగకు తప్పకుండా రండి, ఇంకా పులుస్తూ ఉన్న కొత్త ద్రాక్షరసం, బుర్చాక్, తాగండి. కానీ ఉదయమే వచ్చి, ముందు శ్మశానం చూడండి. మగవాళ్లు తలమీద టోపీ పెట్టుకోవడం మరవకండి.