ధాత కరువు – ఋతుపవన జోస్యం

ఆదోని నుండి పడమటగా గోవా తీరమైనా, తూర్పుగా ఒంగోలు తీరమైనా మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరం. ఆ ఊళ్లో పుట్టి పెరిగి సముద్రాన్ని ఒక్కసారైనా చూడనివారు ఎందరో ఉంటారు. అయినా ఆదోని, ఎమ్మిగనూరు నల్లరేగళ్ల మీద పడే వాన సముద్రపు నీరే. పడవలసిన వాన పడకుండా పోయినప్పుడు, ఆ కథ కూడా చాలాసార్లు సముద్రంలోనే మొదలవుతుంది. ఈ రెండవ సంగతి శాస్త్రజ్ఞులకు బోధపడడానికి దాదాపు ఒక శతాబ్దం పట్టింది.

నైఋతి ఋతుపవనం అరేబియా సముద్రపు తేమను మోసుకొని వచ్చి పడమటి కనుమలను ఢీకొంటుంది. గాలి కొండ ఎక్కుతూ చల్లబడి తేమలో పెద్దభాగాన్ని అక్కడే కురిపిస్తుంది. కనుమలు దాటి దిగేటప్పుడు అదే గాలి వేడెక్కి పొడిబారుతుంది. ఇలా కొండల చాటున పడిపోయిన ప్రాంతాన్ని వర్షచ్ఛాయ అంటారు. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్లు మాత్రమే. రైతు దీనికి తగినట్లే సేద్యాన్ని రెండుగా పంచుకొన్నాడు: తొలకరికి విత్తే ముంగారి ఒకటి, సెప్టెంబరు, అక్టోబరులలో నల్లరేగడిలో విత్తే హింగారి మరొకటి. ఒకటి పోయినా రెండవది దక్కుతుందని లెక్క. మృగశిర, ఆరుద్ర కార్తెలు మొదటిదానికి, ఉత్తర, హస్త కార్తెలు రెండవదానికి గుర్తులు. కార్తె సూర్యుని స్థానాన్ని బట్టి వస్తుంది గనుక అది విత్తనపు అదునును చక్కగా చెబుతుంది. కాని ఈ ఏడు ఆ అదునులో వాన పడుతుందా అంటే దానివద్ద జవాబు లేదు. కార్తెలు ఏటా అవే వస్తాయి. వానలు మాత్రం అవే రావు.

1876లో ఆ లెక్క రెండువైపులా తప్పింది. నైఋతి వానలు చాలక ముంగారి దెబ్బతిన్నది. ఆశ పెట్టుకొన్న ఈశాన్యపు వానలు అక్టోబరులో ముఖం చాటువేశాయి. అది ధాత నామ సంవత్సరం. ఆ కరువుకు ధాత కరువన్న పేరు అలా వచ్చింది. అప్పట్లో ఎమ్మిగనూరు ఆదోని తాలూకాలోనూ, ఆదోని బళ్లారి జిల్లాలోనూ ఉండేవి. (1953లో ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని తాలూకా కర్నూలు జిల్లాలో చేరింది.) మద్రాసు నుండి రాయచూరుకు ఆదోని మీదుగా పోయే రైలుమార్గం 1871 నాటికే పూర్తయింది. కనుక ధాన్యాన్ని లోపలి జిల్లాలకు చేర్చడం అసాధ్యమేమీ కాలేదు. చేరిన ధాన్యం ధర కూలివానికి అందలేదు. పొలంలో పని లేదు. మగ్గంమీది గుడ్డ కొనేవాడు లేడు. సహాయపు పనులలో కూలి ఎంత ఉండాలన్న తగవు వచ్చింది. 1877 ఆరంభంలో కరువు ప్రాంతాల తనిఖీకి వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, రోజుకు ఒక పౌను ధాన్యమూ దానిపై కొద్దిపాటి చిల్లరా చాలునన్నాడు. మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి కార్నిష్ ఆ తిండితో పని చేసే మనిషి బ్రతకడని గట్టిగా వాదించాడు. 1877లో నైఋతి ఋతుపవనం కూడా నెలల తరబడి ఊరించి, సెప్టెంబరుకు గాని సరిగా కురవలేదు. 1871, 1881 జనాభా లెక్కలను పక్కపక్కన పెడితే కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు, బళ్లారి జిల్లాలో దాదాపు ఐదో వంతు జనం తగ్గినట్లు కనబడుతుంది. బ్రిటిషు పాలనలోని ప్రాంతాలు మొత్తంమీద చనిపోయినవారు 50 లక్షలకు పైమాటేనని అంచనా.

ఈ కరువు వచ్చేనాటికి భారత వాతావరణశాఖ వయస్సు ఒక్క ఏడాది. దాని పుట్టుకకు కారణం మొదట సముద్రమే. 1864 అక్టోబరులో కలకత్తాను ఒక తుపాను ముంచెత్తింది. నెల తిరగకముందే, నవంబరు 1న, మరొక తుపాను బందరు మీద విరుచుకుపడింది; ఉప్పెనలో సుమారు 30,000 మంది కొట్టుకుపోయారు. ఆ తరువాత 1866లోనూ, 1871లోనూ ఋతుపవనాలు తప్పాయి. దీనితో 1875లో దేశమంతటికీ ఒకే వాతావరణశాఖను ఏర్పరచి హెన్రీ బ్లాన్‌ఫోర్డ్‌ను దానికి అధిపతిగా నియమించారు. తీరంలో ఓడల భయమూ, లోపలి జిల్లాల కరువు భయమూ మొదటినుండీ ఒకే కార్యాలయపు బరువు అయ్యాయి.

కరువు నడుస్తూండగానే దానికొక కారణం ప్రచారంలోకి వచ్చింది. మద్రాసు నక్షత్రశాల 1813 నుండి వానను కొలిచి వ్రాసి ఉంచింది. డబ్ల్యూ. డబ్ల్యూ. హంటర్ ఆ లెక్కలను సూర్యబింబం మీది మచ్చలతో పోల్చి, పదకొండేళ్లకొకసారి మచ్చలు తగ్గినప్పుడు వానలు కూడా తగ్గుతాయని 1877లో ప్రకటించాడు. లండనులో ఈ మాటకు మంచి ఆదరణ లభించింది. కరువుకు సూర్యుడే కారణమైతే ఏలికలను తప్పుపట్టే పని ఉండదు కదా! కాని ఇతర ప్రాంతాల వర్షపాతాలు ఈ సూత్రానికి లొంగలేదు.

బ్లాన్‌ఫోర్డ్ చూపు మరొక వైపు పోయింది. కరువు రోజులలో భారమితులన్నీ మామూలుకంటె ఎక్కువ పీడనాన్ని చూపాయి. ఇది ఒక్క భారతదేశానికి పరిమితం కాదు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా వైపు కూడా అదే తీరు. ఇంత విశాలమైన మార్పుకు కారణం ఒక దేశం లోపల దొరకదని ఆనాడే ఊహించవచ్చు. కాని అతని చేతిలో సముద్రం మీది కొలతలు లేవు. ఉన్నవి హిమాలయాల కొలతలు. అక్కడ వసంతంలో మంచు అధికంగా పడితే తరువాతి ఋతుపవనం బలహీనపడుతుందని 1884లో ప్రతిపాదించి, దాని ఆధారంగా 1886 జూన్ 4న మొదటి అధికార జోస్యాన్ని వెలువరించాడు. అతని తరువాత వచ్చిన జాన్ ఎలియట్ జోస్యాలను బాగా పెంచి వ్రాశాడు. 1899లో ఆశాజనకమైన జోస్యం వెలువడిన ఏడాదే ఋతుపవనం ఘోరంగా తప్పి మరో మహాక్షామం వచ్చింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. తరువాత కొన్నేళ్లపాటు జోస్యాలను ప్రజలకు చూపకుండా ప్రభుత్వంలోనే గోప్యంగా ఉంచారు. రైతుకోసం పుట్టిన శాస్త్రం రైతుకంట పడకుండా పోవడం విచిత్రమే.

1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితజ్ఞుడు. వాతావరణశాస్త్రం అతనికి కొత్త. ఋతుపవనం ఎందుకు తప్పుతుందో ఊహలతో తేలదని గ్రహించి అతడు సహసంబంధపు పద్ధతి పట్టాడు. రెండు వరుసల అంకెలను, ఉదాహరణకు ఏటేటా మారిషస్ పీడనాన్నీ, ఏటేటా భారతదేశపు వాననూ, పక్కపక్కన పెడితే ఒకటి పెరిగినప్పుడు రెండవది పెరుగుతున్నదా, తరుగుతున్నదా, లేక ఏ పొత్తూ లేదా అని కొలిచే లెక్క అది. యంత్రాలు లేని రోజులు. గుమాస్తాలు చేతితో వేసిన లెక్కలలో జాంజిబారు వానలు, దక్షిణ అమెరికా పీడనాలు, హిమాలయాల మంచు అన్నీ వచ్చి చేరాయి. చివరకు ఒక పెద్ద తక్కెడ బయటపడింది. పసిఫిక్ సముద్రం మీద పీడనం పెరిగితే హిందూ మహాసముద్రం మీద తగ్గుతుంది. అక్కడ తగ్గితే ఇక్కడ పెరుగుతుంది. 1924లో వాకర్ దీనికి దక్షిణ డోలనమని పేరు పెట్టాడు.

తక్కెడను ఊపేది ఏదో అతనికి తెలియలేదు. పెరూ తీరపు బెస్తలకు మాత్రం ఒక సంగతి ఎప్పటినుండో తెలుసు. కొన్ని ఏళ్లలో క్రిస్మస్ వేళకు తీరపు నీరు వెచ్చబడి చేపలు మాయమవుతాయి. బాల ఏసును తలచి దానిని వారు ఎల్‌నినో అన్నారు. ఈ రెండూ ఒకే క్రియకు రెండు ముఖాలని 1969లో జేకబ్ బెర్క్‌నెస్ వివరించాడు. మామూలు ఏళ్లలో వ్యాపారపవనాలు పసిఫిక్‌లోని వెచ్చటి నీటిని పడమటికి, ఇండోనేషియా వైపుకు నెట్టి ఉంచుతాయి. అక్కడ గాలి పైకి లేచి మేఘాలు కడుతుంది. పవనాలు సడలితే వెచ్చటి నీరు తూర్పుకు జారుతుంది, గాలి లేచే చోటు కూడా దానితో జరుగుతుంది. అప్పుడు ఇండోనేషియా మీదా, తరచు భారతదేశం మీదా గాలి కిందికి దిగుతుంది. దిగే గాలి పొడిబారుతుంది. పడమటి కనుమల చాటున ఆదోనికి ఏటా జరిగేదే అప్పుడు ఉపఖండమంతటికీ జరుగుతుందన్నమాట.

పాత ఓడల దినచర్యల నుండి సేకరించిన సముద్ర ఉష్ణోగ్రతలను బట్టి ఇప్పుడు ధాత కరువును మరల చదవగలుగుతున్నారు. 1876కు ముందు కొన్నేళ్లు పసిఫిక్ మామూలుకంటె చల్లగా ఉండి, 1877లో ఒక్కసారిగా తలకిందులై, కొలతలు దొరికిన కాలంలోని అతి బలమైన ఎల్‌నినోలలో ఒకటిగా మారింది. రెండు సంవత్సరాల కష్టానికి కారణం ఒక్కటి కాదు. ఎల్‌నినో పేరు వినగానే కరువు ఖాయమనుకొనేవారు 1997ను కూడా గుర్తుంచుకోవాలి. ఆ ఏడు ఎల్‌నినో మహాబలంగా ఉన్నా దేశంలో వానలు మామూలుగానే కురిశాయి. హిందూ మహాసముద్రం పడమటి భాగం వెచ్చబడి, తూర్పు భాగం చల్లబడడం అప్పుడు అడ్డుపడిందని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. హిందూ మహాసముద్రపు ఈ రెండుకొసల ఆటను 1999లో వివరించినవారిలో భారతీయ శాస్త్రజ్ఞులు ఉన్నారు. అదే ఏడాది హైదరాబాదులో జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఏర్పడింది. ఉప్పెన, సునామీ, ఎత్తైన అలల హెచ్చరికలు తీరానికి ఆ కేంద్రం నుండే వెళుతున్నాయి. సముద్రంలో తేలే యంత్రాలు పంపే ఉష్ణోగ్రతలు ఋతుపవన జోస్యానికీ పనికివస్తున్నాయి.

జోస్యం ఎంతవరకు వచ్చిందో పడమటి కర్నూలు 2009లో చూసింది. ఏప్రిల్‌లో దేశానికి 96 శాతం వాన అంచనా వేశారు. ఎల్‌నినో బలపడి కురిసినది 78 శాతం. ముంగారి పైర్లు వాడిపోయాయి. సెప్టెంబరు చివర బంగాళాఖాతంలో పుట్టిన అల్పపీడనం కృష్ణా, తుంగభద్రా పరివాహకాల మీద కుండపోతగా కురిసింది. అక్టోబరు 2న మంత్రాలయం నీట మునిగింది, కర్నూలు నగరం మునిగింది. నాలుగు నెలల సగటును ఊహించే లెక్క, నాలుగు రోజుల వరదను ఊహించే లెక్క వేరువేరు. ఒకటి సముద్రపు నెమ్మదైన వేడిమి మీద, రెండవది ఒక్క సుడిగాలి దారి మీద ఆధారపడతాయి.

వాకర్ ఆనాడే దేశాన్ని భాగాలుగా విడదీసి ద్వీపకల్పానికి వేరే సూత్రం కట్టాడు, ఒక్క సగటు అందరికీ పనికిరాదని. 2023లో దేశానికి చెప్పిన అంచనా 96 శాతం, కురిసినది 94. జోస్యం దాదాపు నిలిచినట్లే. ఎల్‌నినో హెచ్చరిక కూడా ముందే వచ్చింది. కాని ఆ ఆగస్టు 1901 తరువాత దేశంలో అతి తక్కువ వాన పడిన ఆగస్టు. అక్టోబరు చివర రాష్ట్రప్రభుత్వం 103 కరువు మండలాలను ప్రకటించినప్పుడు, వాటిలో కర్నూలు జిల్లావి రెండు డజన్లు.