తైలం నుండి సూక్ష్మరంధ్ర కణం వరకు: మెదక్ ప్రాంత చర్మచికిత్స చరిత్రలో వాహక సమస్య

వ్యాస సంగ్రహం: చర్మచికిత్స చరిత్రను సాధారణంగా మందుల చరిత్రగానే రాస్తారు. మందును మోసే పదార్థానికి, అంటే వాహకానికి, ఆ రచనల్లో చోటు తక్కువ. డిచ్‌పల్లి కుష్ఠు వైద్యశాలలో హిడ్నోకార్పస్ తైలం వాడిన కాలాన్నీ, 1987 తరువాతి మైక్రోస్పాంజ్ పరిజ్ఞానాన్నీ ఒకే ప్రశ్నకు వచ్చిన రెండు సమాధానాలుగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: మెదక్, డిచ్‌పల్లి, హిడ్నోకార్పస్ తైలం, ఔషధ వాహకం, మైక్రోస్పాంజ్, ట్రెటినాయిన్.

ఉపోద్ఘాతం

మెదక్ పట్టణం పేరు వినగానే చరిత్ర విద్యార్థికి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన చర్చి, దాని 175 అడుగుల గోపురం, కరువు రోజుల్లో ఆ నిర్మాణాన్ని ఉపాధిగా మలచిన చార్లెస్ వాకర్ పాస్నెట్ గుర్తుకు వస్తారు. ఆ గోపురం లేస్తున్న సంవత్సరాల్లోనే, అదే వెస్లియన్ మిషన్‌కు చెందిన వైద్యురాలు ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జ్ కెర్ మెదక్‌కు ఉత్తరాన డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం వైద్యశాలను నెలకొల్పారు. స్థానిక దాత నర్సాగౌడ్ విరాళం అందుకు ఆధారమైంది. 1915లో మొదలైన ఆ సంస్థ తరువాతి కాలంలో మెదక్ అధ్యక్ష మండలంలో భాగమైంది. గోపురం గురించి రాసినవారు చాలామంది. డిచ్‌పల్లిలో రోగులు ఏ మందును ఏ రూపంలో భరించారన్న ప్రశ్న మాత్రం వైద్య చరిత్రలో పక్కనే ఉండిపోయింది.

తైలం: మందు ఉంది, మార్గం లేదు

కుష్ఠుకు తువరక తైలం వాడవచ్చునని సుశ్రుత సంహిత చికిత్సాస్థానం చెబుతుంది. పడమటి కనుమల్లో పెరిగే ఆ జాతి చెట్టును తెలుగులో అడవి బాదము అంటారు. దాని దగ్గరి బంధువైన చాల్మోగ్రా తైలాన్ని 1854లో కలకత్తాలో ఫ్రెడరిక్ మౌఆట్ పాశ్చాత్య వైద్యానికి పరిచయం చేశాడు. అంటే డిచ్‌పల్లి తలుపులు తెరుచుకునే నాటికి మందు కొత్తది కాదు. చిక్కంతా దాన్ని శరీరంలోకి పంపడంలోనే ఉంది.

నోటి ద్వారా ఇస్తే వికారం, వాంతులు. రోగులు కొద్ది వారాలకే మానుకునేవారు. పైపూతగా రుద్దితే చిక్కటి తైలం లోపలికి ఇంకేది కాదు. సూదితో ఎక్కిస్తే విపరీతమైన నొప్పి, ఒక్కోసారి చీముగడ్డలు. అందుకే ఆ తరం పరిశోధకులు అణువును వదిలి దాని రూపంపై దృష్టి పెట్టారు. ఫిలిప్పీన్స్‌లో విక్టర్ హైజర్ తైలాన్ని కర్పూరం, రిసార్సిన్‌లతో కలిపాడు. హవాయిలో ఆలిస్ బాల్ అనే యువ రసాయన శాస్త్రవేత్త ఆ తైలపు ఆమ్లాల నుండి శరీరం సులువుగా గ్రహించే ఇథైల్ ఎస్టర్లను తయారు చేసింది. 1916లో ఆమె మరణించాక ఆ ఘనత కొంతకాలం మరొకరి పేరున నడిచింది. కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ సోడియం లవణాలను ప్రయత్నించాడు, ఎర్నెస్ట్ మ్యూర్ క్రియోజోట్ కలిపిన తైలాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1920ల ఆరంభంలో డిచ్‌పల్లి చేపట్టినది ఈ సూదిమందు పద్ధతినే. 1923లో కెర్ దంపతులకు కైసర్-ఎ-హింద్ పతకం లభించింది.

ఈ ప్రయత్నాలన్నిటి వెనుక ఉన్న కొలత ఒక్కటే: రోగి రేపు మళ్ళీ వస్తాడా? తైలం నిజంగా ఎంత మేలు చేసిందన్నది వివాదాస్పదమే. కానీ భరించలేని రూపంలో ఇచ్చిన మందు గుణాన్ని తేల్చడం కూడా సాధ్యం కాదని ఆనాటి వైద్యులు గ్రహించారు.

డిచ్‌పల్లిలో పనిచేసిన జాన్ లోవ్ తరువాత కలకత్తాకు, అక్కడి నుండి నైజీరియాలోని ఉజుఆకోలికి వెళ్ళి, 1940ల చివర డాప్సోన్‌ను మాత్రగా ఇవ్వవచ్చునని చూపినవారిలో ముఖ్యుడయ్యాడు. మాత్ర రావడంతో కుష్ఠు చికిత్సలో వాహక సమస్య దాదాపుగా అంతరించింది. అదే డాప్సోన్ 2005లో మొటిమలకు పైపూత జెల్‌గా అమెరికాలో అనుమతి పొందడం చరిత్రలోని ఒక వింత మలుపు.

మైక్రోస్పాంజ్: పాత ప్రశ్న, కొత్త ఆకారం

వాహక సమస్య మళ్ళీ తలెత్తింది మొటిమల చికిత్సలో. విటమిన్-ఎ ఆమ్లమైన ట్రెటినాయిన్ గుణాన్ని ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం 1969లో ప్రకటించింది. అది బాగా పనిచేసేది, అంతే బాగా మండేది. ముఖం ఎర్రబడి, పొట్టు రాలి, ఫలితం కనబడకముందే చాలామంది ఆపేసేవారు. నూరేళ్ళనాటి తైలం కథే ఇక్కడ మరో చర్మంపై మొదలైంది.

కాలిఫోర్నియాలోని అడ్వాన్స్‌డ్ పాలిమర్ సిస్టమ్స్ సంస్థకు చెందిన రిచర్డ్ వాన్ 1987లో పొందిన పేటెంట్ దీనికి భిన్నమైన జవాబు ఇచ్చింది. మందు అణువును గానీ, పూతలోని నూనెను గానీ మార్చకుండా, మందును సన్నని పాలిమర్ గోళాల్లో దాచడమే ఆ ఆలోచన. గోళం వ్యాసం సుమారు 5 నుండి 300 మైక్రాన్లు. 25 మైక్రాన్ల గోళంలో రెండున్నర లక్షల వరకు రంధ్రాలు ఉండవచ్చునని అంచనా. అవన్నీ లోపల ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. గోళం పెద్దది కనుక చర్మాన్ని దాటదు, పైనే నిలుస్తుంది. రుద్దుడు, వేడిమి, చర్మపు జిడ్డు తగిలినకొద్దీ మందు మెల్లగా బయటికి జారుతుంది. ఒక్కసారిగా కుమ్మరించడం ఉండదు కనుక మంట తగ్గుతుంది. ఈ పద్ధతిలో తయారైన 0.1 శాతం ట్రెటినాయిన్ జెల్‌కు 1997లో అమెరికా ఔషధ సంస్థ అనుమతి ఇచ్చింది. 2000లో ఎండవల్ల చర్మంపై ఏర్పడే గరుకు మచ్చలకు వాడే 0.5 శాతం ఫ్లోరోయురాసిల్ పూత కూడా ఇదే వాహకంతో వచ్చింది.

తెలంగాణ ప్రయోగశాలలో

2016 అక్టోబరు 11 వరకు పటాన్‌చెరు, బొల్లారం పారిశ్రామిక వాడలు మెదక్ జిల్లాలోనివే. వాటి పేరు ముడి మందుల వల్ల వచ్చింది, వాహకాల వల్ల కాదు. వాహక పరిశోధన ఈ ప్రాంతంలో ఎక్కువగా ఫార్మసీ కళాశాలల బల్లలపైనే సాగుతోంది. అందుకు అనువైన పద్ధతి ఒకటుంది. మందును, యూడ్రాజిట్ లేదా ఇథైల్ సెల్యులోజును డైక్లోరోమీథేన్ వంటి ద్రావణిలో కరిగించి, పాలీవినైల్ ఆల్కహాల్ కలిపిన నీటిలో తిప్పుతూ పోస్తారు. ద్రావణి వెళ్ళిపోయినచోట రంధ్రాలు మిగులుతాయి. ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఎం.ఫార్మ్ కాలవ్యవధిలో పని పూర్తవుతుంది. ఈ పద్ధతికి వచ్చిన ఆదరణకు ఇదొక ముఖ్య కారణమని చెప్పవచ్చు.

ఇటువంటి సిద్ధాంత వ్యాసాల్లో కొలతలు దాదాపు ఒకే వరుసలో నడుస్తాయి: మందు చేరిక శాతం, కణ పరిమాణం, ఫ్రాంజ్ కణంలో గంటగంటకూ విడుదల, ఆపై హిగుచి సమీకరణం. 1961లో హిగుచి ఆ సమీకరణాన్ని సాధించింది లేపనాల కోసమే కనుక అది ఇక్కడ అతికినట్టే సరిపోతుంది. అయితే విడుదల మందగించడం ఒక సాధనం మాత్రమే. మైక్రోస్పాంజ్ పుట్టింది మంట తగ్గించడానికి. ఆ మంటను మనుషులపై కొలిచే అధ్యాయం ఈ వ్యాసాల్లో అరుదు, ఉన్నచోట తరచు జంతుచర్మంతోనే ముగుస్తుంది. విడుదల మందగిస్తే మంట తగ్గుతుందని అనుకోవడం ఊహే గాని ఫలితం కాదు. మందు మరీ మందగిస్తే గుణమే తగ్గవచ్చు.

ఇందుకు తప్పు పరిశోధకులది మాత్రమే అనడం న్యాయం కాదు. మనుషులపై అతుకు పరీక్షకు నైతిక సంఘం అనుమతి, చర్మవైద్యుని పర్యవేక్షణ, వారాల తరబడి తిరిగి వచ్చే స్వచ్ఛంద సేవకులు కావాలి. ఫార్మసీ కళాశాల ఒంటరిగా వీటిని సమకూర్చుకోలేదు. డిచ్‌పల్లిలో మందు తయారీ, రోగి మంచం, వైద్యుని పుస్తకం ఒకే ఆవరణలో ఉండేవి. ప్రస్తుత మెదక్ జిల్లాలో నర్సాపూర్‌లో ఫార్మసీ విద్య ఉంది, మెదక్ పట్టణంలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఒకచోట తయారైన జెల్‌ను మరొకచోట ఆరు వారాలు పూసి, ఎందరు మధ్యలో ఆపేశారో లెక్కించే ఉమ్మడి అధ్యయనానికి కావలసిన దూరం ఇప్పుడు ఒక బస్సు ప్రయాణమే.